బాలమణి కత్తెర

వేలెడంత కత్తెర. దాన్ని మోయబట్టి ఇరవై ఏళ్లు దాటింది. పనిలో పడితే మరిచిపోయినట్టే ఉంటుంది. ఏ కూరగాయల బండి దగ్గరో ఒక టమాట చేతిలోకి తీసుకుని తొడిమ వైపు తిప్పి చూస్తానా, అంతే, మళ్లీ వచ్చి మెడ మీద కూర్చుంటుంది. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆయనకు చెప్పలేదు, ఆయన పోయాడు కూడా. కన్న కూతురికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు వస్తోందేమో.

నేను చెబుతుంటే మనుమరాలు రాస్తోంది. పట్నంలో సుచిత్ర చౌరస్తా దగ్గర మూడో అంతస్తు ఫ్లాటు, బాల్కనీలో కూర్చున్నాం, కింద బస్సుల హారన్లు. నా మాట నా మాటలాగే రాస్తే చదివేవాళ్లకు కష్టమని పుస్తకం భాషలోకి మారుస్తానంది. మార్చుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం మార్చొద్దన్నాను. అవి వాళ్లవి.

అసలు ఈ పిల్ల అడిగింది వేరు. ఆఫీసులో పద్నాలుగు మంది మీద పెద్ద. జుట్టు రాలిపోతోంది, అన్నం ముందు కూర్చుని ఫోన్ చూస్తుంది, ఆదివారం సాయంత్రమైతే చాలు కడుపులో నొప్పంటుంది. వాళ్ల ఆఫీసులో పై పదవుల్లో ఉన్న ఆడవాళ్లంతా కలిసి ఒక చిన్న పత్రిక వేస్తున్నారట. పనిలో ఒత్తిడిని తట్టుకుని నిలబడ్డ ఆడమనిషి మీ ఇంట్లో ఉంటే ఆమె కథ పేర్లు లేకుండా రాయండి అన్నారట. ఈమె నన్ను తలుచుకుని వెంటనే సరేనని వచ్చింది.

"అవ్వా, గంతమందిని ఎట్ల నడిపినవ్, ఎట్ల తట్టుకున్నవ్, గది చెప్పు చాలు" అని కాగితాలు పట్టుకుని కూర్చుంది.

చెప్పడం మొదలుపెట్టాను. ఇంట్లో అందరికీ నోటికి వచ్చిన కథే. నలభై మంది ఆడవాళ్లకు మేస్త్రి అయిన మొదటి ఆడమనిషి, ఎన్నడూ కంటనీరు పెట్టని మనిషి, అదీ ఇదీ. సగం దాకా వచ్చాక నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఎన్నిసార్లు చెప్పానో ఈ అబద్ధం. ఆ కాగితం చింపేయమన్నాను. ఇది రెండో కాగితం.

అత్వెల్లి ఊరు దాటి లోపలికి పోతే అప్పట్లో ఒక విత్తనాల తోట ఉండేది. ఇప్పుడు అక్కడన్నీ రేకుల గోడౌన్లు, లారీలు. ఆ తోటలో టమాట విత్తనం తయారు చేసేవాళ్లం. రెండు రకాలను కలిపి మూడో రకం పుట్టించే పని. సాయంత్రం పూట, రేపు విచ్చుకోబోయే మొగ్గను వెతికి సన్నటి చిమటాతో, అంటే పట్టుకారుతో, అందులోని మగ భాగం తీసేయాలి. తెల్లారి వచ్చి ఇంకో రకం చెట్టు పూల పొడిని ఆ పువ్వుకు అంటించాలి. అంటించిన వెంటనే, గుర్తు కోసం, పువ్వు కింద ఉండే ఆకుపచ్చ రెక్కల్లో రెండింటిని కత్తిరించాలి. కాయ ఎంత పెరిగినా ఆ గుర్తు పోదు. రెండు రెక్కలు తెగి ఉంటే అది మనం కలిపిన కాయ. అన్నీ ఉంటే అది తనంతట తాను కాసింది, తెంపి పారేయాలి. విత్తనాల కంపెనీ నమ్మకమంతా ఆ రెండు కోతల మీదే.

ఎవరి సాళ్లు వాళ్లవి. సాలు మొదట్లో కర్ర పాతి పేరు రాసేవాళ్లు. ఎవరి సాళ్ల గింజ వాళ్ల పేరుతో వేరే సంచిలోకి పోయేది. ఎవరి కత్తెర వాళ్లదే, తెలిసేందుకు పిడికి గుడ్డ పీలిక చుట్టుకునేవాళ్లం. బాలమణిది ఎర్ర పీలిక. బాలమణి అనేది ఆమె అసలు పేరు కాదు. అసలు పేరు నేను చెప్పను, ఆమె పేరు పాడు చేసింది ఒక్కసారి చాలు.

ఎంత మంచి చేయి ఆమెది. నేను ఒక మొగ్గ తీసేలోపు ఆమె మూడు తీసేది, ఒక్క పువ్వు నలిగేది కాదు. ఊరికే ఉండే నోరు కాదు అది. "దినాం వెయ్యి పెండ్లిళ్లు జేస్తున్నం అక్కా, ఒక్క ఇంట్ల కూడ బువ్వ వెడ్తలేరు" అనేది, సాళ్ల పొడుగునా నవ్వులే. నాకంటే ముందున్న ముసలి మేస్త్రి, నా వల్లనే మేస్త్రీతనం పోయి తోటకు కావలి ఉన్నవాడు, గట్టు మీద బీడీ కాలుస్తూ, ఆడోళ్లకు మేస్త్రీతనం ఇచ్చినంక ఇగ టమాటలు గాజులేసుకుంటయని ఎగతాళి చేస్తే, వేసుకుంటయి తాతా, నీకు గూడ రెండు తెస్తమని అందరికీ వినపడేలా అన్నది బాలమణే. నన్ను నిలబెట్టిన వాళ్లలో ఆమె మొదటిది. ఇది గుర్తు పెట్టుకోండి.

ఒత్తిడి అనే మాట మాకు తెలియదు. పరేషాన్ అనేవాళ్లం. తెల్లారకముందే మబ్బుల లేచి వంట చేసి, ఆటోలో పదిహేను మందిమి ఇరుక్కుని వచ్చి, పువ్వులు వాడిపోయేలోపు పని ముగించాలి. పువ్వు మన కోసం ఆగదు. ఇయ్యాళ విచ్చింది ఇయ్యాళ్నే అయిపోవాలి. పొలం చూసే సారు రోజూ వచ్చి ఎన్ని అయినయని అడిగేవాడు. తక్కువైతే తిట్లు. ఆ తిట్లు నా దగ్గరే ఆగేవి. అది మాత్రం నిజం, అది అబద్ధం కాదు. సారు నన్ను నానా మాటలూ అంటే మోటరు దగ్గరికి పోయి తల నీళ్ల కింద పెట్టి, కొంగుతో తుడుచుకుని, ఏం కానట్టు సాళ్లలోకి వచ్చేదాన్ని. ఎవరు నెల తప్పారో, ఎవరింట్లో తాగి కొట్టేవాడున్నాడో నాకు తెలిసేది. చేయి నిదానంగా ఆడేవాళ్లను చేయి వేగంగా ఆడేవాళ్ల పక్కన నిలబెట్టేదాన్ని. మంచి మేస్త్రినే. మంచి మేస్త్రిని కాకపోతే ఇంత బాధ ఉండేది కాదేమో. లేక ఇది కూడా నన్ను నేను పొగుడుకోవడమేనా?

ఆ ఏడు క్రాసింగ్, అంటే పూలు కలిపే పని, నడుమలో ఉండగా బాలమణి తల్లికి చేయీ కాలూ పడిపోయాయి. పని ఉధృతంగా ఉన్న రోజులు. ఆ రోజుల్లో సెలవు ఇవ్వొద్దని సారు మాట. బాలమణి వచ్చి నా ముందు నిలబడింది, అడగను కూడా లేదు. నేనే పొమ్మన్నాను. సారుకు చెప్పొద్దు, నేను చూసుకుంటానన్నాను. ఆమె కత్తెర, చిమటా నా చేతిలో పెట్టి, నాలుగు దినాల్లో వస్తానని పోయింది. తన సాళ్లు తన పనిముట్లతోనే చేయాలని ఆమె పట్టింపు. ఇంకొకరి కత్తెర అయితే కాయకు దిష్టి అనేది.

ఆ నాలుగు రోజులూ ఆమె సాళ్లు నేను చేయాలి. నా పని కాక, నలభై మంది పని చూసుకోవడం కాక. మొదటి రోజు చేశాను. రెండో రోజు సగం. మూడో రోజు ఇద్దరు ఆడవాళ్లకు వాంతులు, వాళ్లను ఆటో ఎక్కించి వచ్చేసరికి పొద్దెక్కింది, పువ్వులు విచ్చుకుని మూసుకుపోయాయి. నాలుగో రోజు అసలు అటు పోనేలేదు. నాలుగు దినాలన్న బాలమణి రాలేదు, వారం దాటాక చూస్తే ఆ సాళ్ల నిండా పిందెలు. గోలీకాయంత పిందెలు, అన్ని రెక్కలూ నిండుగా ఉన్నాయి. తమంతట తాము కాసినవి. మర్నాడు పెద్ద సార్లు వచ్చి సాళ్లు చూస్తారని అప్పటికే కబురు.

వాటిని తెంపేస్తే సాలు బోడిగా కనబడుతుంది. ఎందుకిట్లా అంటారు. మనిషి లేదు అని తెలుస్తుంది. ఎవరు పొమ్మన్నారు అంటారు. గట్టు మీద బీడీ మేస్త్రి నవ్వుతాడు. చూసినరా, ఆడది మేస్త్రి అయితే గిట్లనే ఉంటదంటాడు. ఇవన్నీ నా తలలో ఒక్క నిమిషంలో తిరిగాయి.

బాలమణి కత్తెర తీసుకున్నాను. సాలు పక్కన గొంతుక్కూర్చున్నాను. ఒక్కో పిందెకు రెండు రెక్కలు కత్తిరించాను. ఎన్నింటికో తెలియదు. మధ్యాహ్నం దాకా కత్తిరించాను. ఒక్క పిందె కూడా రాలనివ్వలేదు. అది నాకిప్పటికీ ఆశ్చర్యం. కోసిన అంచు ఒక్క పూటే పచ్చిగా ఉంటుంది, తెల్లారేసరికి ఎండిపోయి ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు. అది నాకు తెలుసు. పనిలో మంచిదాన్ని కాబట్టే తెలుసు.

ఎవరి కోసం చేశాను? అప్పుడు బాలమణి కోసమే అనుకున్నాను. ఆమె పని పోకూడదని. నిజంగా అట్లానే అనుకున్నాను. ఈ మాట వందసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను, ఒక్కోసారి నిజమనిపిస్తుంది, ఒక్కోసారి పచ్చి అబద్ధమనిపిస్తుంది. రెండూ కలిసే ఉన్నాయేమో. తప్పు అదొక్కటే అయితే దాన్ని మీ దగ్గరికి మోసుకొచ్చేదాన్ని కాదు.

పెద్ద సార్లు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. బాలమణి వచ్చింది. తల్లి బతికింది, మంచం మీదే. నా సాళ్లు మంచిగ జూసినవక్కా అని నవ్వింది. నేనూ నవ్వాను. కత్తెర ఆమెకు ఇచ్చేశాను.

గింజ తీసి, ఆరబెట్టి, ఎవరి సంచి వాళ్లది పంపారు. కంపెనీవాళ్లు ప్రతి సంచిలోంచీ కొంచెం తీసి వేసి మొలిపించి చూస్తారు. ఆరు నెలలకు కబురు వచ్చింది. బాలమణి సంచి గింజలో సగం మొక్కలు వేరే రకం. మొత్తం సంచి పారబోశారు.

సారు మమ్మల్నిద్దరినీ షెడ్డులోకి పిలిచాడు. బాలమణి నా పక్కనే నిలబడింది. ముసలి మేస్త్రి గుమ్మంలో ఉన్నాడు. కలపని కాయలకు రెక్కలు కోసి దొంగ లెక్క చూపిందా ఈమె, నువ్వు మేస్త్రివి, నీకు తెలియకుండా ఎట్లా జరుగుతుంది అని సారు నన్ను అడిగాడు. బాలమణి ఏం మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. తను ఆ రోజుల్లో లేనని చెబితే, సెలవు ఇచ్చింది నేనని బయటపడుతుంది. నా కోసం నోరు మూసుకుంది. చెప్పాల్సింది అక్కనే, అక్క చెబుతుంది అనుకుంది. నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపులో భయం లేదు. అదే నన్ను చంపేది.

నేను అన్న మాట ఇది. ఒక్క అక్షరం మారకుండా రాయమన్నాను.

"నా కండ్లతోని సూడలే సారు. సాళ్లు మాత్రం ఆమెవే."

చూశారా, అందులో ఒక్క అబద్ధం లేదు, ఆమె కోస్తుంటే నేను చూడలేదు. కత్తెర ఆడించిన నా చేతులను నేను చూడలేదా అంటే, సారు అడిగింది అది కాదు. ఇట్లాంటి మాట అప్పటికప్పుడు నాకెట్లా తట్టిందో. ఏళ్ల తరబడి సార్లకు జవాబు చెప్పీ చెప్పీ ఈ విద్య వచ్చిందేమో. సారు తిట్లన్నీ ఆపిన దాన్ని, ఆపాల్సిన ఒక్క రోజున పక్కకు జరిగాను.

ఆమెను అప్పటికప్పుడే వెళ్లిపొమ్మన్నారు. తోట గేటు దగ్గర నన్ను ఆపింది బాలమణి. గట్టిగా మాట్లాడలేదు. పక్కనుంచి పోయే ఆడవాళ్లకు వినపడొద్దని గొంతు తగ్గించింది. అప్పుడు కూడా నా పరువే చూసింది.

"అక్కా, నేను అమ్మ కాడికి వోయిన దినాలల్ల నా కత్తెర నీ దగ్గరనే ఉండె గద."

"నాకు యాది లేదు బాలమణీ."

"యాది లేదా?"

"లేదు."

గుర్తు లేదన్న ఆ మాట వినగానే రొంటిన దోపిన కత్తెర తీసింది, ఎర్ర పీలికతో ఉన్నది.

"గట్లయితె ఇది నువ్వే ఉంచుకో అక్కా. నాకింకేం పని దీంతోని."

నా చేతిలో పెట్టి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను కూడా పిలవలేదు. పిలిచి ఉంటే? ఆ ఒక్క గేటు దగ్గర, ఇరవై అడుగులు పోయేలోపు, బాలమణీ ఆగు అని ఉంటే? ఇన్నేళ్లుగా ఆ ఇరవై అడుగులే నడుస్తున్నాను.

చుట్టుపక్కల విత్తనాల తోటలన్నీ ఒకరికొకరు తెలిసినవే. ఆ చేయి నమ్మేది కాదని మాట పాకింది. ఎక్కడా పెట్టుకోలేదు. శామీర్‌పేట వైపు విల్లాలు కడుతుంటే కంకర మోసింది. సిమెంటు తట్టలు మోసింది. ఆ చేతులు. పువ్వును నలగనియ్యని చేతులు. వాళ్ల ఊరి ఆడవాళ్లు చెబుతుంటే విని, అయ్యో అనేదాన్ని. అయ్యో అని అనగలిగాను నేను.

నా పని మాత్రం బాగా సాగింది. ఇంకా రెండు తోటలు ఇచ్చారు. ఒక ఏడు మమ్మల్ని, అంటే ఆడ మేస్త్రులను, ఒక హాలులో కూర్చోబెట్టారు. పట్నం నుంచి ఒకామె వచ్చి కళ్లు మూసుకోమంది, ఊపిరి లోపలికి బయటికి అంది, ఒత్తిడిని ఎట్లా తట్టుకోవాలో చెప్పింది. మంచిగానే చెప్పింది పాపం. ఆఖర్న నన్ను ముందుకు పిలిచి, ఇన్నేళ్లు ఇంత గట్టిగా ఎట్లా నిలబడ్డారమ్మా అని మైకు ఇచ్చింది. ఏ రోజు బరువు ఆ రోజు అక్కడనే దించి ఇంటికి పోతనన్నాను. చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. ఎవరి మీద దించినవ్ అని అడిగినవాళ్లు లేరు.

ఇన్నేళ్లుగా ఇంట్లో నడిచిన గట్టి మనిషి కథ అదే. మనుమరాలు దాన్ని వింటూ పెరిగింది. ఆ కథ ఇచ్చిన ధైర్యంతోనే ఉద్యోగంలో చేరింది. ఒకసారి, దానికి ఆరేడేళ్లు అనుకుంటా, నా రేకుపెట్టెలోంచి ఆ కత్తెర తీసి రంగు కాగితాలు కత్తిరిస్తోంది. గుంజుకుని చెంప మీద కొట్టాను. నా జన్మలో దాన్ని కొట్టింది అదొక్కసారే. ఇప్పుడు ఇది చెప్పగానే రాయడం ఆపింది. "గందుకా అవ్వా" అంది. అందుకే బిడ్డా. ఇన్నాళ్లు నువ్వేదో తప్పు చేశాననుకున్నావు.

రెండేళ్ల కిందట మనుమరాలి కారు పాడైతే ఆటోలో శామీర్‌పేట చెరువు వైపు పోయాం. కట్ట దగ్గర మక్కకంకులు కాల్చే వాళ్లు వరసగా ఉంటారు. ఈ పిల్ల దిగి కంకుల కోసం పోయింది. ఆ కంకులు కాలుస్తున్నది బాలమణి. ఆటోలోంచే పోల్చుకున్నాను. విసనకర్ర పట్టుకున్న వేళ్లు కణుపుల దగ్గర ఉబ్బి వంకర పోయి ఉన్నాయి. ఇప్పుడా వేళ్లతో చిమటా పట్టలేదు. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని సీటులో కిందికి జారాను. ముసలిదాన్ని, మోకాళ్లు నొప్పులు, అట్లా జారి కూర్చున్నాను.

పిల్ల రెండు కంకులతో వచ్చింది. ఒకటి మామూలుది. ఇంకోటి పళ్లు లేనివాళ్లు కూడా నమలగలిగేంత లేతది. ఆటోల గూసున్న అవ్వకు ఇది ఇయ్యి బిడ్డా, పండ్లు ఎట్లున్నయో ఏమో అని ఏరి ఇచ్చిందట. అంటే చూసింది. పోల్చింది. లేచి రాలేదు, ఒక్క మాట చెప్పి పంపలేదు. లేత కంకి పంపింది. తిట్టి ఉంటే బతికేదాన్ని. ఆ కంకిని ఇంటి దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. తినలేదు. పారేయనూ లేదు. ఎండిపోయాక ఈ పిల్ల తల్లి ఊడ్చేసింది.

తరువాత రెండుసార్లు ఒక్కదాన్నే పోయాను, చెప్పేద్దామని. ఒకసారి చెరువు మలుపు దాకా పోయి అదే ఆటోలో తిరిగి వచ్చాను. ఇంకోసారి దిగాను, పొయ్యి పొగ కనిపించే దాకా నడిచాను, అక్కడి నుంచి తిరిగి వచ్చాను. ఏమని చెప్పాలి? ఆమెకు తెలియనిది ఏముందని? కత్తెర ఎవరి దగ్గర ఉందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. పోయి చెప్పి ఏడ్చి నా మనసు కడుక్కుని వస్తే, ఆ మురికినీళ్లు కూడా ఆమె పొయ్యి ముందే పోసినట్టు. అట్లా అనుకుని ఆగాను. అది నిజం కారణమా, లేక భయానికి నేను కట్టిన చీరనా? తెలియదు. ఈ వయసులో కూడా తెలియదు.

ఇప్పుడు కూడా చూడండి. పేరు లేకుండా చెబుతున్నాను. ఆమె పేరు మార్చాను, నా పేరు దాచాను. ఆమెకు చదువు రాదు, ఈ కాగితం ఆమె దాకా పోదు. పోదని తెలిసే చెబుతున్నానేమో. ధైర్యం అని ఎవరూ అనుకోవద్దు.

ఒత్తిడి ఎట్లా తట్టుకోవాలని అడిగిన పిల్లలకు చెప్పేందుకు నా దగ్గర ఏమీ లేదు. మోటరు నీళ్ల కింద తల పెట్టడం ఒకటి చెప్పగలను. అది కొంచెం పనిచేస్తుంది. మిగతాది చెప్పేంత మనిషిని కాదు. ఇందాక షెడ్డు మాట చెబుతున్నప్పుడు మనుమరాలి పెన్ను చాలాసేపు ఆగింది. ఆఫీసులో ఎవరి మీదైనా తప్పు పెట్టి పేరు పైవాళ్లకు రాసి పంపాల్సి ఉందా, పంపేసిందా అని అడుగుదామనుకున్నాను. అడగలేకపోయాను. అది ముఖం పక్కకు తిప్పుకుని బస్సుల వైపు చూసింది. మళ్లీ రాసింది.

రేకుపెట్టెలోంచి కత్తెర తెప్పించాను. ఇప్పుడు నా ఒళ్లో ఉంది. తుప్పు పట్టింది, నోరు తెరుచుకోదు. ఎర్ర పీలిక రంగు పోయి మట్టి రంగు అయింది, ముడి మాత్రం ఆమె వేసిందే.

ఆఖరి మాట నా మాటలోనే రాయమన్నాను, పుస్తకం భాషలో వద్దన్నాను.

"నాకు యాదికున్నది బాలమణీ. నీ కత్తెర నా దగ్గరనే ఉండె. కోసింది నేనే."

రాసింది. చదివి వినిపించమంటే వినిపించింది. ఇంకోసారి అన్నాను. ఇంకోసారి చదివింది. బాలమణి చేతులు తిరిగి రావు, అది నాకు తెలుసు. ఇన్నేళ్లూ ఆ మాట గొంతులో ఎక్కడ అడ్డం పడి ఉండేదో అక్కడ చేయి పెట్టి చూసుకున్నాను. నొప్పి అట్లనే ఉంది. మాట మాత్రం బయటికి పోయింది.